ఇంట్లో ఆడవాళ్ల గుండెను ఎట్లా చూసుకోవాలి: నొప్పి వచ్చిన రోజు నుంచి వరుసగా

ఛాతీ పట్టేసినట్టుంది, వాంతి వచ్చేటట్టుంది అని ఇంట్లో ఆడమనిషి అంటే మన వరంగల్ వైపు మొదట వచ్చేది వాము నీళ్లు. తగ్గకపోతే సోడా. ఇంకా తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ సూది. అదే మాట ఆ ఇంటి మగమనిషి అంటే వెంటనే కారు మాట్లాడతారు. ఈ తేడా చాలా ఇళ్లల్లో చూశాను, చూసి ఊరుకోలేకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మా అత్తమ్మకు స్టెంట్ (మూసుకుపోయిన గుండె నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) పడింది, చిన్నమ్మకు వాల్వు (గుండె కవాటం) జబ్బు. ఇద్దరి ఫైళ్లు మోసేది, మందులు తెచ్చేది, డాక్టర్ చెప్పింది ఇంటికొచ్చి మళ్లీ మళ్లీ గుర్తుచేసేది నేనే. మందుల డోసులు మీ డాక్టర్ చెప్పినట్టే వాడండి. ఆ మందులు, ఆ తిండి, ఆ పని ఇంట్లో ఎట్లా నడుపుకోవాలో ఇక్కడ వరుసగా చెప్తాను. జబ్బు మీకే ఉంటే మీరు చదివి, మీ ఆయనతో, కొడుకుతో, కోడలితో కూడా చదివించండి, ఎందుకంటే ఇందులో సగం పనులు వాళ్లు చేయాల్సినవే.

నొప్పిని గుర్తుపట్టడం

గుండెపోటు అంటే ఎడమ చేత్తో ఛాతీ పట్టుకుని కూలిపోవడమే అని మన మనసులో పడిపోయింది. ఆడవాళ్లలో కూడా ఎక్కువ మందికి ఛాతీలో నొప్పో, బరువో, బిగుతో ఉంటుంది. కానీ దాంతోపాటు, లేదా అది లేకుండానే, ఆయాసం, చల్లటి చెమటలు, వికారం, వాంతి, దవడ లాగడం, మెడ నొప్పి, రెండు భుజాల మధ్య వీపులో నొప్పి, ఎన్నడూ లేనంత నీరసం కూడా రావొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకైతే నరాలు మొద్దుబారి నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు, చెమట, ఆయాసం మాత్రమే కనబడతాయి. "పొద్దున రొట్టెలు చేస్తుంటే ఒళ్లంతా చెమట పట్టింది, కాసేపు గోడకు ఒరిగి కూర్చున్న" అని సాయంత్రం మాటల్లో చెప్పే అత్తమ్మలు ఉంటారు. ఆ మాట విన్న రోజే ఈసీజీ తీయించండి.

ఇంకో రకం నొప్పి ఉంది. బిందె ఎత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు, తిన్న వెంటనే నడిచినప్పుడు వస్తుంది, ఆగితే తగ్గిపోతుంది. తగ్గిపోతుంది కదా అని వదిలేస్తారు. గుండెకు రక్తం చాలినంత అందకపోతే ఇట్లాగే ఉంటుంది కాబట్టి, ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించుకోండి. అదే నొప్పి కూర్చున్నప్పుడు కూడా రావడం మొదలైతే, లేదా అంతకుముందు కంటే తక్కువ పనికే వస్తుంటే, వారం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.

నొప్పి వచ్చిన ఆ గంటలో

పని ఆపి, వీపుకు దిండు పెట్టుకుని కూర్చోండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఇంటి పని పూర్తి చేసి, చీర మార్చుకుని, పిల్లలకు అన్నం పెట్టి బయల్దేరుదాం అనుకోవద్దు, ఆడవాళ్లు ఆలస్యమయ్యేది చాలాసార్లు ఇక్కడే. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం మన ఊళ్లల్లో మామూలే, కానీ దారిలో స్పృహ తప్పితే పట్టుకునే దిక్కుండదు. అంబులెన్స్ ఆలస్యమయ్యేట్టుంటే ఆటోనో, కారో చూడండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, ఈ మధ్య రక్తం పోయినవాళ్లు కాకపోతే, 300 మి.గ్రా. దాకా ఆస్పిరిన్ నమిలి మింగమని సాధారణంగా డాక్టర్లు చెప్తారు. మీకు అది సరిపడుతుందో లేదో ముందే అడిగి ఫైలు మీద రాయించుకోండి, ఆ టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ డాక్టర్ రాసిస్తేనే వాడాలి, అదీ కూర్చునే. అది బీపీని ఒక్కసారిగా దించుతుంది, నిలబడి పెట్టుకుని పడిపోయి తలకు దెబ్బ తగిలించుకున్నవాళ్లు ఉన్నారు. పక్కింటామె మాత్ర మనకు పెట్టుకోవద్దు.

ఏ ఆసుపత్రికి పోవాలో కూడా ఇప్పుడే, ఈ వారమే, అందరూ కూర్చుని అనుకోండి. వరంగల్, హనుమకొండలో ఉంటే ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ) ఆవరణలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. వీటిలో రాత్రిపూట కూడా యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన నాళాన్ని తెరిచి స్టెంట్ వేయడం) చేసేది ఎక్కడో కనుక్కుని పెట్టుకోండి. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఉన్నవాళ్లకు హనుమకొండ చేరేసరికి రెండు గంటలు పట్టొచ్చు. అట్లాంటప్పుడు దగ్గర్లోని జిల్లా ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేసి పంపిస్తారా అని అడగాలి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో ఆ ఇంజెక్షన్ 12 గంటల్లోపు పనిచేస్తుంది, కానీ మొదటి రెండు మూడు గంటల్లో వేస్తే వచ్చే ఫలితం వేరు. గుండె కండరం చచ్చిపోయాక దాన్ని మళ్లీ బతికించే మందు లేదు.

ఒక ప్లాస్టిక్ ఫైలు తీసుకుని అందులో పాత ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పెట్టి, తలుపు వెనక మేకుకు తగిలించండి. పాత ఈసీజీ చాలా ముఖ్యం, కొత్తదాంతో పోల్చితేనే మార్పు తెలుస్తుంది. వాటి ఫొటోలు కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి. మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9న 10 లక్షల రూపాయలకు పెంచారు, స్టెంట్, బైపాస్, వాల్వు ఆపరేషన్లు అందులోకి వస్తాయి. ఆసుపత్రికి చేరగానే అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి, సందేహం ఉంటే 104కి ఫోన్ చేయండి. ఆడమనిషి వైద్యానికి డబ్బు లెక్క చూసి "రేపు పోదాం" అనుకునే ఇళ్లకు ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉండటం చాలా అవసరం.

ఆసుపత్రిలో ఏం చెప్పాలి, ఏం అడగాలి

లోపలికి పోగానే "గ్యాస్ లెక్క ఉంది సార్" అనకండి. మీరే గ్యాస్ అంటే వాళ్లూ అటే ఆలోచించే అవకాశముంది. "ఇన్ని గంటలకు మొదలైంది, ఇక్కడ నొప్పి, చెమట పట్టింది, ఆయాసం వచ్చింది" అని జరిగింది చెప్పి, ఈసీజీ తీయమని అడగండి. వచ్చిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది డాక్టర్లు పాటించే నియమమే. మొదటిది బాగానే ఉన్నా నొప్పి ఉంటే మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా నొప్పి మొదలైన వెంటనే చేస్తే మామూలుగా రావొచ్చు, కొన్ని గంటల తర్వాత రెండోసారి చేస్తేనే నమ్మకం. ఒక్క ఈసీజీ చూసి ఇంటికి పొమ్మంటే "రెండోది ఎప్పుడు తీస్తారు సార్" అని మర్యాదగానే అడగండి.

ఈసీజీకి ఛాతీ మీద తీగలు పెట్టాలి కాబట్టి చాలామంది సిగ్గుపడి బ్లౌజు సగమే విప్పుతారు, తీసేవాళ్లు కూడా మొహమాటంతో తీగలు ఎక్కడో పెట్టేస్తారు, రిపోర్టు తప్పు వస్తుంది. పరదా వేయమనండి, ఆడ సిస్టర్‌ను పిలవమనండి, కానీ సరైన చోటే పెట్టించుకోండి. చెకప్‌కు పోయే రోజు ముందు హుక్కులున్న బ్లౌజు వేసుకుంటే సులువు.

డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా, అప్పుడు షుగర్ వచ్చిందా. ఈ రెండూ కాన్పుతో పోయాయని మనం అనుకుంటాం గానీ అవి వచ్చినవాళ్లకు తర్వాతి వయసులో గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. రెండోది గర్భసంచి. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలంగాణ, పక్కన ఆంధ్రప్రదేశ్ ముందున్నాయి. మన పల్లెల్లో ముప్పై అయిదు, నలభై ఏళ్లకే తీయించుకున్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే శరీరంలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోయి గుండెకు ముప్పు పెరుగుతుంది. ఆ పాత ఆపరేషన్ కాగితం దొరికితే ఫైలులో పెట్టండి. ఇంట్లో ఎవరో చుట్ట తాగుతున్నా, మీరు తంబాకు నములుతున్నా, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు అక్కల్లాగా రోజంతా బీడీలు చుడుతున్నా అదీ చెప్పండి.

యాంజియోగ్రామ్‌లో (గుండె నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) "నాళాలన్నీ క్లియర్" అని వచ్చినా నొప్పి వస్తూనే ఉన్నవాళ్లు ఆడవాళ్లలోనే ఎక్కువ. పెద్ద నాళాల్లో అడ్డు లేకపోయినా సన్నటి నాళాలు సరిగా పనిచేయకపోతే ఇట్లా ఉంటుంది, దానికీ మందులున్నాయి. "నీకేం లేదు, అంతా మనసులోనే" అని ఇంట్లోవాళ్లు అంటే ఆ మాటకు తలవంచి ఊరుకోకండి, ఇంకో కార్డియాలజిస్టుకు చూపించుకోండి.

మాత్రలు

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

గుండెపోటు తర్వాత స్టెంట్ వేస్తే రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ, టికాగ్రెలార్ గానీ మామూలుగా ఏడాది పాటు ఇస్తారు, ఆ తర్వాత ఒకటి కొనసాగుతుంది. వీటిని మధ్యలో ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ పడి మళ్లీ గుండెపోటు రావొచ్చు, అది మొదటిదానికంటే ప్రమాదం. "ఇప్పుడు బాగానే ఉంది కదా", "మాత్రలు వేడి చేస్తున్నయ్", "పెళ్లి హడావుడిలో మర్చిపోయిన" అనే మూడు మాటలు నేను ఎక్కువగా వింటాను. బాగున్నది ఆ మాత్రల వల్లే. పన్ను పీకించుకోవాలన్నా, ఇంకో ఆపరేషన్ అన్నా పళ్ల డాక్టర్ ఆపమన్నాడని ఆపకుండా గుండె డాక్టర్‌ను అడిగాకే ఏదైనా చేయండి.

కొలెస్ట్రాల్ మాత్ర గురించి అందరికీ అనుమానమే. గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 కంటే తక్కువ, వీలైతే 55 కంటే తక్కువ ఉండాలని డాక్టర్లు చూస్తారు. రిపోర్టులో "నార్మల్" అని 100 దగ్గర ఉన్నా మనకు అది ఎక్కువే. ఒళ్లు నొప్పులు వస్తే చెప్పండి, డోసు తగ్గిస్తారు, మందు మారుస్తారు. రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలతో కొందరికి పొడిదగ్గు వస్తుంది, అది ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. నెలల తరబడి దగ్గు సిరప్‌లు తాగే బదులు ఆ మాత్ర పేరు డాక్టర్‌కు చెప్తే వేరేది రాస్తారు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు ఒక్కసారిగా మానకూడదు.

ఇప్పుడు వీటిని ఎట్లా వేసుకోవాలి. చదువురాని అత్తమ్మ అయితే మూడు డబ్బాలు తీసుకుని ఒకదాని మీద సూర్యుడు, ఒకదాని మీద అన్నం గిన్నె, ఒకదాని మీద చంద్రుడు బొమ్మ వేయండి. ప్రతి ఆదివారం కూర్చుని వారానికి సరిపడా సర్దిపెట్టండి. స్ట్రిప్ కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క చివరకు మిగిలేట్టు అవతలి వైపు నుంచి కోయమని మెడికల్ షాపు అతనికి చెప్పండి. మందు షాపు మారితే కంపెనీ పేరు మారుతుంది, పాతదీ కొత్తదీ రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. ఎకోస్ప్రిన్ ఏవీ అనే దాంట్లో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ మాత్ర కూడా కలిసే ఉంటుంది. క్లోపిటాబ్ ఏ అనే దాంట్లో క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ ఉంటాయి. దానికి తోడు విడిగా ఇంకో ఆస్పిరిన్ వేసుకుంటే రోజూ రెట్టింపు పడుతున్నట్టే. అందుకే పెట్టె మీది పెద్ద పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూసి చీటీతో పోల్చండి. ఖర్చు భారమైతే జన ఔషధి దుకాణంలో అదే మందు చాలా తక్కువకు వస్తుంది, పీహెచ్‌సీలో, పల్లె దవాఖానలో బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. డబ్బుల్లేక రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం వద్దు, ఆ సంగతి దాచకుండా డాక్టర్‌కు చెప్తే తక్కువ ధరవి రాసిస్తారు.

ఇక వేసుకోకూడని మాత్రలు. మోకాళ్ల నొప్పులు లేని ఆడమనిషి మన దగ్గర అరుదు, నాట్లు వేసీ, పత్తి ఏరీ, మిరపకాయలు ఏరీ నడుములు పోయినవాళ్లే అంతా. ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, బస్టాండు పక్క షాపులో పేరు తెలియని నొప్పి గోళీలు. ఈ రకం నొప్పి మందులు గుండె జబ్బున్నవాళ్లకు గుండెపోటు ముప్పును పెంచుతాయి, ఒంట్లో నీరు పట్టిస్తాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తం పలచబరిచే మందులతో కలిస్తే కడుపులో రక్తం పోయేట్టు చేస్తాయి. నొప్పికి పారాసిటమాల్ వేసుకోండి, వేడి కాపడం పెట్టుకోండి, తగ్గకపోతే ఎముకల డాక్టర్ దగ్గర మొదటి మాటగా "నాకు గుండె జబ్బుంది" అని చెప్పండి.

రెండోది నెలసరి వాయిదా మాత్రలు. బతుకమ్మకో, ఇంట్లో వ్రతానికో, మేడారం ప్రయాణానికో అని షాపులో అడిగి తెచ్చుకుంటారు. గుండె జబ్బు, వాల్వు జబ్బు, ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవాళ్లు అవి అడగకుండా వేసుకోకూడదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలకూ ఇదే మాట. రక్తం పలచబడే మందుల వల్ల నెలసరిలో ఎక్కువ పోతుంటే మందు మానేయకుండా గైనకాలజిస్టుకు, గుండె డాక్టర్‌కు ఇద్దరికీ చెప్పి హిమోగ్లోబిన్ చూపించుకోండి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే, దాంతో వచ్చే ఆయాసం గుండె మీద ఇంకా భారం వేస్తుంది.

వంటింట్లో

ఉప్పు తగ్గించమంటే అందరూ తలూపుతారు, ఎంత తగ్గించాలో ఎవరికీ తెలియదు. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటొద్దు. దీన్ని రోజూ తూచలేం కాబట్టి ఇట్లా చేయండి: కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెల తిరగకముందే అయిపోతే మీ ఇంట్లో ఎంత ఉప్పు పోతుందో మీకే తెలిసిపోతుంది. పైగా మామిడికాయ తొక్కు, ఒడియాలు, ఎండు చేపలు, బజ్జీలు, బేకరీ తిండిలో ఉన్నది ఈ లెక్కలోకి రాదు. అన్నంలో ఉప్పు వేసి వండే అలవాటుంటే మొదట అది మానండి, ఎవరికీ తేడా తెలియదు. తర్వాత కంచంలో తొక్కు పెట్టుకోవడం వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించండి. పచ్చిపులుసులో చింతపండు, ఉల్లిగడ్డ, కాల్చిన మిర్చి, కొత్తిమీర ఉన్నాక ఉప్పు సగం తగ్గినా నాలుకకు పెద్దగా తెలియదు. ఆమెకొక్కదానికే చప్పటి కూర విడిగా వండకండి, తనకోసం వేరే గిన్నె అంటే ఆమే నాలుగో రోజుకు "నాకెందుకీ కష్టం" అని అందరితో తింటుంది. ఇంటిల్లిపాదికీ ఒకే కూర, తక్కువ ఉప్పుతో వండండి. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

అన్నం కుప్ప తగ్గించి జొన్నరొట్టె, మక్కగట్క, పప్పు, కూరగాయలు పెంచండి. సకినాలు, గారెలు, సర్వపిండి పండుగకు రుచి చూడొచ్చు. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు. బోటి, తలకాయ కూర వదిలేసి చేపలు తినండి, వేపుడు కాకుండా పులుసు. మిగిలిన అన్నం పారేయలేక రాత్రి అందరి తర్వాత తినేది ఆడవాళ్లే, షుగర్ ఉన్నవాళ్లకు ఇది చాలా చెరుపు చేస్తుంది. ఇంట్లో అందరూ కలిసి, ఒకే వేళకు తినండి.

ఒక్కపొద్దుల సంగతి. శనివారమో, శ్రావణమాసమో, శివరాత్రి జాగారమో, ఉంటే ఉండండి గానీ మాత్రలకు ఒక్కపొద్దు లేదు. నీళ్లతో మాత్ర మింగితే వ్రతం చెడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, నీళ్ల మాత్ర (మూత్రం ద్వారా ఒంట్లో నీరు తగ్గించేది) వేసుకునేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా ఉపవాసం పెట్టుకోకండి.

పని, నడక

స్టెంట్ వేసి పంపాక ఒక వారం బరువులెత్తొద్దు అంటారు. మన ఇళ్లల్లో బరువు అంటే ఏంటో మగవాళ్లకు తట్టదు: నీళ్ల బకెట్ 15 కిలోలు, నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దగ్గర, తడిసిన దుప్పటి ఉతికి పిండడం, రుబ్బురోలు, చంకలో మనవడు. బైపాస్ అయితే ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా ఇవేవీ వద్దు. ఈ పనులు ఎవరు చేస్తారో ఆసుపత్రి నుంచి వచ్చే ముందే పేర్లతో సహా తేల్చుకోండి, లేకపోతే ఆమే మెల్లగా లేచి చేసేస్తుంది. బైపాస్ అయిన ఆడవాళ్లకు ఇంకో సంగతి చెప్పేవాళ్లు తక్కువ: రొమ్ముల బరువుకు కుట్లు కిందికి లాగి నొప్పి పెడతాయి, పుండు ఆలస్యంగా మానుతుంది. ముందు వైపు హుక్కులుండే, మెత్తటి కాటన్ బ్రా రాత్రిపూట కూడా వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. కుట్ల దగ్గర ఎరుపు, చీము, కటకటమని శబ్దం ఉంటే వెంటనే చూపించుకోండి.

నడక మొదట ఇంట్లోనే, తర్వాత వాకిట్లో, ఆపై భద్రకాళి బండ్ మీదో, మీ కాలనీ వీధిలోనో. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు, మాట తడబడి ఆయాసం వస్తే ఆగండి. మెల్లగా రోజుకు అరగంటకు చేరండి. పద్మాక్షి గుట్ట మెట్ల లాంటివి డాక్టర్ సరే అన్నాకే. ఎండాకాలం మన దగ్గర 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి, పొద్దున ఏడు లోపే నడక ముగించండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బీపీ మాత్ర, నీళ్ల మాత్ర గురించి అదే రోజు ఫోన్ చేసి అడగండి, ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోతుంది. బతుకమ్మ ఆడొచ్చా అని అందరూ అడుగుతారు. ఆయాసం లేకుండా నడవగలుగుతుంటే, బైపాస్ కొత్తగా కాకపోతే, మీ డాక్టర్ సరే అంటే ఆడండి, మధ్యలో కూర్చోండి, రాత్రి మాత్ర వేళ తప్పనీయకండి. మేడారం పోతే మందులు రెండు రోజులకు ఎక్కువే పట్టుకుని, చీటీ జిరాక్సు కొంగున కట్టుకుని వెళ్లండి, ఆ జనంలో సంచి తప్పిపోవచ్చు.

వాల్వు ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు

చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం, కీళ్ల వాపులు వచ్చి సరిగా మందు పడకపోతే కొందరికి గుండె కవాటాలు పాడవుతాయి. చాలామంది ఆడపిల్లలకు ఇది మొదటి కాన్పులో ఆయాసం వచ్చినప్పుడే బయటపడుతుంది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది రాస్తే నొప్పి అని మానకండి. మెటల్ వాల్వు వేసినవాళ్లు అసిట్రామ్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర) రోజూ ఒకే వేళకు వేసుకుని, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే) పరీక్షను చెప్పిన తేదీకి చేయించుకోవాలి. మైట్రల్ వాల్వుకు (గుండె ఎడమ గదుల మధ్య ఉండే కవాటం) అది సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. పాలకూర, తోటకూర, పుంటికూర మానక్కర్లేదు, కానీ ఒక వారం రోజూ తిని ఇంకో వారం ముట్టకపోతే ఐఎన్‌ఆర్ ఊగిపోతుంది, అందుకే ప్రతి వారం దాదాపు ఒకేలా తినండి. ఆకు మందులు, కొత్త యాంటీబయాటిక్‌లు అడగకుండా వద్దు. తలకు దెబ్బ తగిలితే, నల్లటి విరేచనం అయితే వెంటనే ఆసుపత్రి.

పిల్లలు కావాలనుకుంటే గుండె డాక్టర్, కాన్పుల డాక్టర్ ఇద్దరితో ముందే మాట్లాడండి. నెల తప్పితే ఆ రోజే ఫోన్ చేయండి. అసిట్రామ్, రామిప్రిల్, కొలెస్ట్రాల్ మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు, అట్లాగని అసిట్రామ్ మీరే ఆపితే వాల్వులో గడ్డ కట్టి తల్లి ప్రాణానికే ముప్పు. ఏది మార్చాలో వాళ్లే చెప్పాలి. పెళ్లి చూపుల్లో వాల్వు సంగతి దాచి, తర్వాత మాత్రలు దొంగచాటుగా వేసుకుంటూ మానేస్తూ ఉండే ఆడపిల్లలు ఉన్నారు. అమ్మానాన్నలూ, ఆ దాపరికం వాళ్ల మీద వేయకండి.

బాలింత పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటోందా, రాత్రి దగ్గు, కాళ్ల వాపు ఉన్నాయా? "బాలింత నీరు, చలువ చేసింది" అని ఊరుకోవద్దు. కాన్పుకు ముందు నెల నుంచి కాన్పయ్యాక ఐదు నెలల దాకా గుండె కండరం బలహీనపడే జబ్బు ఒకటి వస్తుంది, ఎకో తీస్తే తెలుస్తుంది, మందులతో చాలామందికి కుదుటపడుతుంది.

రోజూ చూసుకోవాల్సినవి

గుండె పంపింగ్ తక్కువ ఉందని చెప్పినవాళ్లు పొద్దున బాత్రూమ్‌కు పోయొచ్చాక, టీకి ముందు బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది నీరు, డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఒక దిండు మీద పడుకునేవాళ్లకు రెండు మూడు కావాల్సి వస్తున్నా అంతే. బీపీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, మాట్లాడకుండా, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. బిగుతు బ్లౌజు చేతి మీద పట్టీ చుట్టినా, చేతిని పైకి బిగించి లాగినా లెక్క తప్పు వస్తుంది, వదులు చేతుల బ్లౌజు వేసుకోండి. 130/80 లోపు ఉండేట్టు చాలామందికి చూస్తారు, మీది ఎంత ఉండాలో అడిగి రాసుకోండి.

రాత్రి నిద్ర పట్టకపోవడం, మళ్లీ వస్తదేమో అన్న భయం, ఊరికే ఏడుపు రావడం గుండెపోటు తర్వాత ఆడవాళ్లలో ఎక్కువ. రెండు వారాలు దాటినా పోకపోతే దీన్నీ జబ్బులాగే డాక్టర్‌కు చెప్పండి. భార్యాభర్తల కలయిక గురించి ఎవరూ అడగరు, చెప్పరు: రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే మామూలుగా ఇబ్బంది ఉండదు, అయినా ఒకసారి డాక్టర్‌ను అడగండి.

చెకప్‌కు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ఛార్జీ లేదు, "ఛార్జీలు దండగ" అని మానడానికి కారణం లేదు. తోడుగా ఎవరో ఒకరు వెళ్లి, డాక్టర్ చెప్పింది అక్కడే రాసుకోండి. ఇంట్లో పెద్దపిల్లలు ఛాతీ నొక్కడం కూడా నేర్చుకోవాలి: మనిషి పిలిచినా పలకక, ఊపిరి ఆగితే, రెండు అరచేతులు ఛాతీ మధ్యలో పెట్టి 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా నొక్కాలి. ఆడమనిషి అని ముట్టుకోవడానికి వెనకాడితే ఆ నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది.

ఇంట్లో ఒకామెకు 65 ఏళ్లు రాకముందే గుండెపోటు వచ్చిందంటే ఆమె అక్కచెల్లెళ్లకు, బిడ్డలకు, కొడుకులకు కూడా ముప్పు ఎక్కువే. ఈ నెలలోనే వాళ్ల బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించండి. పీహెచ్‌సీలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా పరీక్ష చేస్తారు. అత్తగారింట్లో ఉన్న బిడ్డకు ఫోన్ చేసి "నువ్వు కూడా చూపించుకో" అంటే చూపించుకోదు, అల్లుడికి కూడా చెప్పి తేదీ ఖాయం చేయండి.